వెలుతురు వర్తకము – వెలుతురు విద్య

సినిమా గ్రాఫిక్సు తయారగు గదిలో అడుగిడువానికి మొట్టమొదట తగులునది కళ గాదు, చలి. శీతలయంత్రములు రేయింబవళ్లు హోరుమనుచుండును. ఆ చలిలో వరుసదీర్చిన కంప్యూటర్ల వెనుక అరచేయి యుంచినచో కుంపటి సెగవంటి గాలి తగులును. పగటివేళ పచ్చతెఱ యెదుట నిలిచి నటుడు గాలిలో కత్తి ద్రిప్పిన దానికి, రాత్రి యీ యంత్రములు కోటను, సేనను, ధూళిని, సూర్యాస్తమయమును చేర్చుచుండును. సెకనుకు ఇరువదినాలుగు బొమ్మలు. ఒక్కొక్క బొమ్మకు యంత్రము గంటల తరబడి గుణించుచుండుట కలదు. జూబిలీహిల్సు, ఫిలింనగరము, బంజారాహిల్సు ప్రాంతములందు నేడిట్టి గదులు లేని సినిమా వ్యాపారము లేదు. 2012లో వచ్చిన ‘ఈగ’కు దృశ్యమాయలు కల్పించిన హైదరాబాదు సంస్థ మకుటకు జాతీయ బహుమానము దక్కినప్పుడు తెలుగువారందఱు సంతసించిరి. మేమును సంతసించితిమి. కాని ఆ యంత్రము వెనుకనుండి వచ్చు వేడిగాలి యెక్కడ పుట్టుచున్నదని అడిగినవారు మనలో అరుదు. నేడు ఆ ప్రశ్ననే చదువరుల ముందుంచుచున్నాము.

యంత్రము ఆలోచించుటచే వేడెక్కుచున్నదని లోకము తలచును. అది సగము నిజమే. గోరంత చిప్పులో నేడు వేల కోట్ల మీటలు అమరియున్నవి. మీట తెఱచుకొని మూసికొనుటకు పట్టు శక్తి యేటేట తగ్గుచు వచ్చినది. తగ్గనిది వాటినడుమ వార్త మోయు రాగితీగల ఖర్చు. ఒక్క పెద్ద చిప్పులోని తీగలను విప్పి చాచినచో మైళ్లకొలది సాగును. తీగ సన్నబడిన కొలది దాని నిరోధము హెచ్చును. తీగలు దగ్గఱయైన కొలది ఒకదానిపై నొకటి బరువై సంకేతమును మందగింపజేయును. లెక్క చేయుటకంటె, చేసిన లెక్కను ఒక మూలనుండి మఱియొక మూలకు చేర్చుటయే కష్టమైపోవుచున్నది. సాయంకాలము ఆఱుగంటలకు జూబిలీహిల్సు చెక్‌పోస్టుకడ నిలిచినవారికి ఇంతకుమించి వివరింప నక్కఱలేదు. మోటారులన్నియు మేలైనవే. ఏదియు కదలదు. అన్నిటి యంత్రములు వేడెక్కుచుండును.

ఇందులకు కొందఱు విజ్ఞానులు చెప్పుచున్న ఉపాయము వినుటకు వింతగానుండును. చిప్పులో దూరపు వార్తలు మోయు తీగను తీసివేయుడు. ఈ మూల నొక యాంటెన్నాను, ఆ మూల నొక యాంటెన్నాను నిలుపుడు. వార్తను వెలుతురుగా విడువుడు, వెలుతురుగా నందుకొనుడు అని వారనుచున్నారు. ఆకాశవాణి పద్ధతియే. ఐతే ప్రసారకేంద్రమునకును శ్రోతకును నడుమ దూరము వెండ్రుక మందములో కొంతపాలు మాత్రము.

యాంటెన్నా యన నేమో తెలుగువారికి క్రొత్తగా చెప్పనేల? 1977లో హైదరాబాదు దూరదర్శను కేంద్రము వెలసిన పిమ్మట, చేపముల్లువంటి అల్యూమినియపు కడ్డీలు డాబాలపై మొలచినవి. వాన వెలిసిన ఆదివారము సాయంకాలము ఇంటి కుఱ్ఱవాడు డాబా యెక్కి కడ్డీని త్రిప్పుచు ‘వచ్చిందా?’ యని అరచుట, క్రిందినుండి తల్లి ‘ఇంకొంచెం అటు’ అనుట ఏ యింటివారు మఱతురు? ఆ చేపముల్లు జపానువారైన యాగి, ఉడా యను శాస్త్రజ్ఞులు 1926లో కనుగొన్నది. అందలి ప్రతి కడ్డీకి కొలత యున్నది. తరంగపు పొడవులో సగమునకు దగ్గఱగా కడ్డీ యుండిన యెడల అందలి విద్యుత్కణములు ఆ తరంగముతో తాళము కలిపి యూగును. హైదరాబాదులో 101.9 మెగాహెర్ట్సుపై వచ్చు ఆకాశవాణి తరంగమునకు పొడవు మూడు మీటర్లకు కొంచెము తక్కువ. దానికి తగు కడ్డీ ఒకటిన్నర మీటరు. ఆ తరంగము సెకనుకు పదికోట్ల మాఱులు ఊగును. ఆకుపచ్చని వెలుతురో, సెకనుకు ఐదు కోట్ల కోట్ల మాఱులకు పైగా ఊగును. దాని తరంగపు పొడవు సుమారు 550 నానోమీటర్లు. అట్లైనచో దాని కడ్డీ యెంత యుండవలెను? సగమనుకొన్నను 275. నిజమునకు అంతకన్న చిన్నది. ఏలయన, వెలుతురు వేగమున ఊపినప్పుడు బంగారము, వెండి వంటి లోహములలోని విద్యుత్కణములు రేడియో తరంగమునకు వలె తక్షణము లొంగవు. వెలుతురు కొంత లోహములోనికి చొచ్చును. తరంగము కుఱుచయైనట్లే కడ్డీకి తోచును. కావున నూఱు నానోమీటర్ల పొడవుగల బంగారు కడ్డీ చాలును. అట్టివి ఏడెనిమిది వందలు వరుసగా పేర్చినగాని తలవెండ్రుక మందము నిండదు.

ఈ యూహకు వయసు తక్కువ గాదు. 1928లో సింజ్ అను ఐర్లాండు దేశస్థుడు, సూక్ష్మమైన లోహకణము చెదరగొట్టిన వెలుతురుతో కంటికి మామూలుగా నందని వస్తువులను చూడవచ్చునని ఐన్‌స్టీనునకు లేఖ వ్రాసెను. అప్పటికి ఆ కణమును చేయు పనిముట్లు లేవు. మాట మాటగానే నిలిచినది. ఎనుబది యేండ్లు గడచిన పిమ్మట, 2010లో, జపాను శాస్త్రజ్ఞులు ఐదు బంగారు కడ్డీలతో వెలుతురునకు యాగి-ఉడా యాంటెన్నాను నిర్మించి చూపిరి. మన డాబామీది చేపముల్లే! అది వెలుతురును తలచిన దిక్కునకు పంపినది. అదే సంవత్సరము అమెరికాలో ఆలూ, ఎంఘేటా అనువారు వెలుతురు యాంటెన్నాల జంట చిప్పుమీద తీగకన్న మేలు గాగలదని గణించి తెలిపిరి.

వారి లెక్కను ఇచ్చట కొంత విప్పవలెను. లోహపు అంచు వెంబడి వెలుతురును నడిపించుట యొక పద్ధతి. దానికి ప్లాస్మాను దారి యని పేరు. అట్టి దారి యొకటి పది మైక్రానులకొకసారి వెలుతురులో సగము మ్రింగుననుకొందము. పది మైక్రానులకడ నున్న బలము నూఱు మైక్రానులకడ అయిదువందల వంతులలో ఒక వంతైపోవును. మఱి పది నడచిన అందులోను సగము. వడ్డీపై వడ్డీ వలె నష్టముపై నష్టము. యాంటెన్నా విడిచిన వెలుతురు కూడ విరియుచు పలుచనగును. కాని దానిది వర్గపు లెక్క. దూరము పదింతలైన బలము నూఱవ వంతగును, అంతే. దగ్గఱ దారులలో తీగదే గెలుపు కావచ్చును; దూరము పెరిగిన కొలది గాలిదారి గెలుచును. మఱియొక లాభము గూడ కలదు. లోహపు అంచున ప్రాకు తరంగము, బయట స్వేచ్ఛగా సాగు వెలుతురుకంటె మెల్లగా నడచును. 2014లో జర్మనీ శాస్త్రజ్ఞులు ఇట్టి యాంటెన్నాల నడుమ కిరణమును కావలసిన వైపు మళ్లించి చూపిరి. 2016లో అమెరికాలోని బోస్టను కళాశాలవారు ప్లాస్మాను తరంగమును ఒక యాంటెన్నాచే వెలుతురుగా విడిపించి, మఱియొకదానిచే పట్టి మరల ప్లాస్మానుగా మార్చినట్లు ప్రకటించిరి. ఆ దూరము కొన్ని తరంగపు పొడవులే. కాని అది కాగితముమీద గాదు, బల్లమీద జరిగినది.

చదువరులను మభ్యపెట్టుట మా పద్ధతి గాదు. రేపటి గ్రాఫిక్సు యంత్రములో ఈ యాంటెన్నాలుండునని మేము చెప్పుటలేదు. బంగారము వెలుతురును విడుచుటేగాక కొంత తానే మ్రింగి వేడిగా మార్చుకొనును. వేడిని తగ్గింపవచ్చినది తానే వేడియగుట చిన్న లోపము గాదు. వెలుతురు పుట్టించు సాధనము ఇంకను చాలవఱకు చిప్పు వెలుపలి లేజరే. అన్నిటికంటె పెద్ద చిక్కు ఒకటున్నది. దానిని విజ్ఞానులకన్న ఫిలింనగరపు శబ్దగ్రాహకులు తేలికగా గ్రహింతురు. ఒకే సెట్టుమీద ఇద్దఱు నటుల తీగలేని మైకులు ఒకే తరంగముపై నుండినచో ఏమగును? నాయకుని మాటలో ప్రతినాయకుని హుంకారము కలియును. రెండు మైకులకే యింత యైనచో, గోరంత స్థలమున వేల యాంటెన్నాలు ఒక్కమాఱు పలికినప్పటి గందరగోళమును ఊహింపుడు. రంగులు వేఱుచేసియో, దిక్కులు వేఱుచేసియో ఆ కలహము తీర్పవలెను. ఈలోగా పెద్ద వర్తకులు మఱియొక దారిన నడచుచున్నారు. వారు సిలికానులోనే వెలుతురు కాలువలు త్రవ్వుచున్నారు. ఆ పద్ధతి ప్రయోగశాల దాటి అంగడికి వచ్చినది. 2025లో ఎన్‌విడియా కంపెనీ వెలుతురుతో వార్త మోయు స్విచ్చులను ప్రకటించెను. చిప్పులోని తీగకు తుదకు బదులు చెప్పునది కాలువయో, యాంటెన్నాయో, రెండును కలిసియో యెవ్వరును ఇప్పుడే పందెము కాయరాదు. కాని వెలుతురే బదులు చెప్పునన్నచో మేము సందేహింపము.

ఇది ఎవరిదో దూరదేశపు విద్య, మనకేల యనువారు మనలో లేకపోలేదు. అట్టివారి జ్ఞాపకశక్తిని కొంచెము తట్టి లేపవలసియున్నది. 1895లో కలకత్తా టౌనుహాలులో జగదీశచంద్ర వసువు కొన్ని మిల్లీమీటర్ల పొడవు తరంగములను గోడలగుండ పంపి గంట మ్రోగించి మందుగుండు పేల్చెను. తరంగములను ప్రోగుచేయుటకు ఆయన వాడిన గరాటువంటి సాధనమే నేటి కొమ్ము యాంటెన్నాలకు పూర్వరూపము. గలీనా స్ఫటికముతో తరంగమును పట్టు ఆయన సాధనమునకు అమెరికాలో 1904లో పేటెంటు వచ్చినది. అర్ధవాహక సాధనముల పేటెంట్లలో అది మొదటిదిగా చరిత్రకారులు లెక్కింతురు. యాంటెన్నా, అర్ధవాహకము, ఈ రెండు విద్యలు ఒక భారతీయుని బల్లమీద కలిసియుండినవి.

తెలుగుదేశము మాట కూడ విందము. సింజ్ ఐన్‌స్టీనునకు లేఖ వ్రాసిన 1928లోనే రామను తన వెలుతురు పరిణామమును ప్రకటించెను. కృష్ణాజిల్లాలో పుట్టి, హైదరాబాదు నిజాం కళాశాలలో చదివిన సూరి భగవంతము ఆ కాలముననే కలకత్తాలో రామనుకడ చేరి, పిదప వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయమున ఆ శాస్త్రమునకు గూడు కట్టెను. వెలుతురు చెదరుటను గూర్చి ఆయన రచించిన గ్రంథమును 1940లో ఆ విశ్వవిద్యాలయమే ప్రకటించినది. ఆ రామను వెలుతురు మిక్కిలి దుర్బలము. కోటి కిరణకణములలో ఒకటి దొరకిన దొరకినట్లు. 1974లో ఇంగ్లండులో సౌతాంప్టనువారు గఱుకుదేల్చిన వెండిపై అంటిన అణువులనుండి ఆ వెలుతురు ఊహింపని బలముతో వచ్చుట చూచిరి. మూడేండ్లలో తేలినది లక్షల రెట్ల బలము. ఏల? ఆ వెండి గఱుకులోని యొక్కొక్క బుడిపె వెలుతురునకు యాంటెన్నా యై, చిన్న గొంతును పెద్ద చేసినది. భగవంతము బోధించిన శాస్త్రమును నానో యాంటెన్నా మరల వెలిగించినది.

ఇంతటితో కథ దూరదేశములలో ముగియలేదు. ఫిలింనగరమునుండి పట్టుమని పది మైళ్లు లేని గచ్చిబౌలిలో, హైదరాబాదు విశ్వవిద్యాలయమున, అతిసూక్ష్మకాలపు లేజరు తాకుడులతో వెండి, బంగారు తలములపై నానో కట్టడములు చెక్కి, వాటిపై పేలుడు పదార్థముల లేశమాత్రపు జాడలను రామను వెలుతురుతో పసిగట్టు పరిశోధనలు సాగినవి. చిప్పుమీది యాంటెన్నాకు ఇది సోదరవిద్య. అదే లోహము, అదే కొలత, అదే వెలుతురు. ఆ యూరినుండి యీ యూరికి ప్రతిదినము షూటింగు బండ్లు తిరుగుచునే యున్నవి. ఆ విద్యకు ఈ ధనముతో పరిచయము మాత్రము కాలేదు.

అసలు సంగతికి వచ్చుచున్నాము. వాల్తేరులో విజ్ఞానశాస్త్ర కళాశాల నిలబడుటకు ప్రభుత్వపు డబ్బొకటే కారణము కాదు. జయపుర మహారాజు విక్రమదేవవర్మ ఏటేట లక్ష రూపాయలు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఒసగెను. ఆనాటి లక్ష యన నేటి లక్ష గాదు. అడవుల నడుమనున్న సంస్థానాధీశుడు, తాను చదువని శాస్త్రమునకై, తాను చూడబోవని ఫలితమునకై ఇచ్చెను. ఆ కళాశాలకు ఆయన పేరే పెట్టిరి. నేడు తెలుగునాట సంస్థానములు లేవు. వాటి వైభవమునకు వారసులెవరని యడిగిన, ఎవరైనను జూబిలీహిల్సు వైపే వ్రేలు చూపుదురు. ఆ కొండలలోని మేడలలో కొన్నిటినైనను కట్టించినది వెలుతురే: వెలుతురును ఫిలిముపై పట్టి, తెఱపై విడిచి, టిక్కెట్టుకు అమ్మిన ధనము. నేడు ఆ వెలుతురు చిప్పులగుండ ప్రవహించుచున్నది. పొరుగున అన్నపూర్ణ స్టూడియోలో నటుల వెనుక నిలుచు దీపపుగోడ వేదిక కూడ చిప్పుల వెలుతురే. వెలుతురు వలన బ్రతుకువారికి వెలుతురు విద్యతో ఋణానుబంధము లేదనగలమా?

సినిమా ధనము పోవలసిన చోటులు వేఱే యున్నవి, ఇది ప్రభుత్వపు పని యనువారికి రావిర్యాలను జ్ఞాపకము చేయుదుము. 2006 ప్రాంతమున నగరమునకు దక్షిణమున అచ్చట ఫ్యాబ్ సిటీ వెలయునని, సెమ్‌ఇండియా యను సంస్థ చిప్పుల కర్మాగారము కట్టునని గొప్ప చాటింపు జరిగినది. భూమి వచ్చినది, కర్మాగారము రాలేదు. తర్వాత ఆ నేలపై సౌరఫలకములవారు, ఎలక్ట్రానిక్కు పరికరములవారు చేరిరి, చేరుట మంచిదే. 2024లో గుజరాతులోని ధోలేరాలో చిప్పుల కర్మాగారమునకు కేంద్రము సమ్మతి నిచ్చినది. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశమునకు చిప్పులను పొదిగి కూర్చు కర్మాగారమొకటి మంజూరైనది. అదే యేట అక్టోబరులో విశాఖపట్టణమున పదునైదు వందల కోట్ల డాలర్ల యంత్రశాలలు నెలకొల్పుదుమని గూగులువారు ప్రకటించిరి. యంత్రములు వచ్చును, వాటికి విద్యుత్తును, నీటిని మనము పోయుదుము, వాటి వేడిని మనము భరింతుము. ఆ వేడిని తగ్గించు విద్య మాత్రము ఇతరులనుండి కొనుక్కొందుము. ఈ లెక్క మాకు రుచింపలేదు.

ప్రభుత్వము భూమి నీయగలదు, పనివాండ్రను పుట్టింపలేదు. ఇది ఫిలింనగరమునకు తెలిసినంతగా మఱెవ్వరికి తెలియదు. మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ను బొంబాయిలో తీసిరి, 1932లో విడుదల యయినది. పిమ్మట దశాబ్దముల తరబడి తెలుగు సినిమాకు ఇల్లు మదరాసు. అక్కినేని రాళ్లగుట్టపై అన్నపూర్ణ స్టూడియో కట్టి 1976లో తెఱచినప్పుడు నవ్వినవారును కలరు. ఇచ్చట తీసిన ఫిలిమును కడుగుటకు గూడ మదరాసు పోవలసిన దినములవి. స్టూడియో కట్టుటతో పరిశ్రమ వచ్చిపడలేదు. ఛాయాగ్రాహకుడు, కూర్పరి, దీపములవాడు, రంగులద్దువాడు, సెట్టు వడ్రంగి, బట్టలు కుట్టువాడు — ఇరువదినాలుగు శాఖల పనివారు సంసారములతో కదలి వచ్చి, పనిని పిల్లలకు నేర్పినగాని ఫిలింనగరము ఫిలింనగరము కాలేదు. రావిర్యాలలో కొఱతపడినది ఇదియే. వెలుతురు చిప్పుల విషయమున మరల మదరాసే మనకన్న ముందున్నది, అచ్చటి ఐ.ఐ.టి.లో సిలికాను వెలుతురు విద్యకు ప్రత్యేక కేంద్రము నడచుచున్నది. మాకు అసూయ లేదు. కాని ఒకసారి దాటివచ్చిన దారియే గదా!

మేము కోరునది కర్మాగారము గాదు. దానికి వేలకోట్లు కావలెను. అది రాజ్యముల పని. మేము కోరునది ఒక బల్ల, ఒక లేజరు, నానోమీటరు కొలతలో లోహమును చెక్కు పరికరముపై ఏటికి కొన్నినెలల పని, పదిమంది విద్యార్థులకు ఐదేండ్ల జీతము. ఒక మధ్యతరగతి చిత్రమునకు పాటల చిత్రీకరణకై విదేశములకు పోయివచ్చు ఖర్చుతో ఇందులో చాలభాగము నెఱవేరునని మా యంచనా. ఇంతకన్న లెక్క తెలిసిన నిర్మాతలు మమ్ము సవరింపవచ్చును. ఆ పదిమందిలో తొమ్మండుగురు ఏమియు కనుగొనకపోవచ్చును. పది చిత్రములలో ఎన్ని ఆడుచున్నవో యెఱిగిన నిర్మాతకు ఈ లెక్క భయము గొలుపరాదు. నష్టపడిన చిత్రము డబ్బాలో మిగులును. నష్టపడిన పరిశోధన వెనుక పని నేర్చిన మనిషి మిగులును. దానమునకు పేరు కావలెనన్న పెట్టుకొనుడు. జయపుర మహారాజు పేరు పెట్టినందులకు వాల్తేరు వారిని తప్పుపట్టినవారు లేరు.

ఫిలింనగరములోనే తెలుగు సినిమా వాణిజ్యమండలి యున్నది. ధరలు, సెలవులు, సమ్మెలు, విడుదల తేదీలు ఆ భవనమున చర్చకు రాని వారము లేదు. వచ్చు సమావేశములలో నొకదానిలో ఈ సంగతిని ఒక్క గంట వినుడని ఆ పెద్దలను కోరుచున్నాము. గచ్చిబౌలినుండి ఒక ఆచార్యుని పిలుచుట కష్టము గాదు. అంతకన్న మేలైనది, షూటింగు లేని యొకనాడు నలుగురు నిర్మాతలు, ఇద్దఱు ఛాయాగ్రాహకులు తామే అచ్చటికి పోవుట. ప్రయోగము మొదలు పెట్టునప్పుడు గదిలో దీపములన్నియు ఆర్పుదురు. చీకటిలో సన్నని యెఱ్ఱని గీటొకటి బల్లపై పాఱును. దానిని మొట్టమొదట గుర్తుపట్టువారు ఛాయాగ్రాహకులే యగుదురని మా నమ్మకము.